మాటతో టైపు చేయడం: మొదటి రోజుల్లో తెలుసుకోవలసినవి

మణికట్టు నొప్పి వల్ల గానీ, తెలుగు కీబోర్డు చేతికి అలవడకపోవడం వల్ల గానీ టైపు చేయలేకపోతున్నవారికి, మాటను అక్షరాలుగా మార్చే సాఫ్ట్‌వేర్ నమ్మదగిన ప్రత్యామ్నాయం. 2017 ఆగస్టులో గూగుల్ తన వాయిస్ టైపింగులోకి తెలుగును కూడా తీసుకువచ్చింది కనుక, ఇందుకోసం విడిగా ఏదీ కొనవలసిన అవసరం లేదు. అయినా చాలామంది ఒకటి రెండు రోజులు ప్రయత్నించి, తప్పులు చూసి విసిగి మానేస్తారు. వారిలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్కటే: టైపు చేసినట్టే, ఒక్కో పదం ఆగి ఆగి చెప్పడం.

ఫోనులో అయితే గూగుల్ కీబోర్డు యాప్ అయిన జీబోర్డ్ సెట్టింగులలోని భాషల జాబితాలో తెలుగును చేర్చి, మైక్ గుర్తును నొక్కి మాట్లాడితే చాలు. కంప్యూటరులో క్రోమ్ బ్రౌజరు ద్వారా గూగుల్ డాక్స్ తెరిచి, టూల్స్ మెనూలో వాయిస్ టైపింగును ఎంచుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్ మీటలు కలిపి నొక్కినా అదే తెరుచుకుంటుంది. అక్కడ కనిపించే మైక్ బొమ్మ మీద ఉన్న జాబితాలో తెలుగును ఎంచుకుని, బ్రౌజరు అడిగినప్పుడు మైక్ వాడుకునేందుకు అనుమతి ఇవ్వాలి. విండోస్ 11లో ఇంగ్లీషు రాసేవారికి విండోస్ మీట, హెచ్ కలిపి నొక్కడం ఇంకా దగ్గరి దారి.

ల్యాప్‌టాప్‌లోని మైక్ గదిలోని ఫ్యాను చప్పుడును, గోడల ప్రతిధ్వనిని కూడా పట్టుకుంటుంది. మామూలు హెడ్‌సెట్ పెట్టుకుని, దాని మైకును నోటికి సూటిగా కాకుండా పెదవుల పక్కగా, రెండు మూడు వేళ్ల దూరంలో ఉంచితే ఊపిరి చప్పుడు తగ్గి, తప్పులు కూడా తగ్గుతాయి.

ఇక మాట్లాడే పద్ధతి. 1990లో వచ్చిన డ్రాగన్ డిక్టేట్ వంటి తొలితరం సాఫ్ట్‌వేర్‌తో పదానికీ పదానికీ మధ్య ఆగక తప్పేది కాదు. 1997లో డ్రాగన్ డిక్టేట్‌ను తెచ్చిన సంస్థే విడుదల చేసిన నాచురల్లీ స్పీకింగ్ సాఫ్ట్‌వేర్‌తో ధారాళంగా మాట్లాడే వీలు కలిగింది. ఇప్పటి సాఫ్ట్‌వేర్ ఒక పదాన్ని దాని ధ్వనితో పాటు, చుట్టూ ఉన్న పదాలను బట్టి కూడా పోల్చుకుంటుంది. ‘కల’ అని విడిగా అంటే అది కలో కళో తేల్చుకోవడానికి దానికి ఆధారం ఉండదు; ‘రాత్రి నిద్రలో వచ్చిన కల’ అంటే ఉంటుంది. అందుకే వాక్యాన్ని ముందు మనసులో పూర్తి చేసుకుని, మామూలు వేగంతో ఒక్క ఊపున చెప్పి, ఆ తరువాతే ఆగాలి. చెబుతున్నంతసేపూ తెరపై అక్షరాలు మారుతూ కనిపిస్తాయి. వాక్యం ముగిసేలోపు సాఫ్ట్‌వేరే కొన్నింటిని సవరించుకుంటుంది కనుక వాటిని చూసి తడబడకూడదు. మొదట్లో తెర నుంచి చూపు తిప్పుకుని చెప్పడమే మంచిదని నా అభిప్రాయం.

తప్పులు దిద్దడాన్ని చెప్పే పనితో కలపవద్దు. ఒక పేరా పూర్తయ్యాక మైక్ ఆపి, అప్పుడు దిద్దుకోవాలి. తెలుగులో కామాలు, ఫుల్‌స్టాపులు చాలావరకు చేత్తోనే పెట్టుకోవలసి రావచ్చు కాబట్టి, ఆ పని కూడా అప్పుడే చేయవచ్చు. ఇక్కడ ఒక ముఖ్యమైన తేడాను గుర్తుంచుకోవాలి. టైపు చేసేటప్పుడు దొర్లే తప్పు సాధారణంగా అర్థంలేని అక్షరాల కూర్పు కనుక కంటికి ఇట్టే తగులుతుంది. మాటతో రాసినప్పుడు మాత్రం సరైన పదమే తప్పు చోట కూర్చుంటుంది. ‘అర్థం’ ఉండవలసిన చోట ‘అర్ధం’, ‘రాలేదు’ ఉండవలసిన చోట ‘రాలేడు’ పడితే స్పెల్‌చెక్ కూడా పట్టుకోలేదు. అందువల్ల క్రియల చివరలను, వ్యతిరేకార్థక రూపాలను, అంకెలను, మనుషుల పేర్లను ప్రత్యేకంగా సరిచూసుకోవాలి. పదేపదే తప్పుగా వచ్చే పేరుకు బదులు ఒక సులువైన పదం చెప్పి, చివర ఫైండ్ అండ్ రీప్లేస్‌తో (ఒక పదాన్ని వెతికి దాని చోట మరో పదం పెట్టే సదుపాయంతో) ఒకేసారి మార్చుకుంటే ఎంతో శ్రమ తప్పుతుంది.

చేతి నొప్పి తప్పించుకోబోయి గొంతు నొప్పి తెచ్చుకోకుండా, గొంతు పెంచక, మధ్యమధ్య నీళ్లు తాగుతూ, మొదటి వారం రోజుకు పావుగంటకు మించకుండా సాధన చేయండి. ఇటువంటి సేవలలో చాలావరకు మన మాటను ఇంటర్నెట్ ద్వారా సంస్థల సర్వర్లకు పంపి గుర్తిస్తాయి కనుక, పాస్‌వర్డులు, బ్యాంకు వివరాలు, ఇతరుల ఆరోగ్య విషయాలు వంటివి మాత్రం చేత్తోనే టైపు చేయండి.