పెద్ద రైఫిల్‌కి కొత్త బ్యారెల్: కోయించే ముందు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

ఆఫ్రికాలో కేప్ బఫెలో (అక్కడి అడవి దున్న) వేటకి ఎక్కువమంది మే, అక్టోబరు నెలల మధ్య వెళ్తారు. అప్పటికి గడ్డి ఎండిపోతుంది, నీటి గుంటలు తగ్గిపోతాయి, జంతువు కనిపిస్తుంది. నేనుండే టెక్సస్‌లో ఆ ప్రయాణం పెట్టుకున్నవాళ్లకి చలికాలంలో ఒక ఆలోచన పుడుతుంది: "ఈ రైఫిల్ మరీ బరువు, కొత్త బ్యారెల్ వేయించి తేలిక చేద్దాం." నాకూ ఒకసారి పుట్టింది. నా .375 క్యాలిబర్ రైఫిల్ (అంటే గుండు వ్యాసం .375 అంగుళం) బ్యారెల్‌ని 24 అంగుళాల నుంచి 20 అంగుళాలకి కోయించాను. గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసే పనివాడు) ఆలోచించుకోమన్నాడు, నేనే వినలేదు. మోయడానికి హాయిగానే ఉంది. పేలిస్తే మాత్రం బ్యారెల్ మూతి గాల్లోకి లేచిపోయేది, రెండో గుండుకి మళ్లీ గురి దొరకడానికి చాలాసేపు పట్టేది. కోసిన ఇనుము మళ్లీ అతకదు కదా, చివరికి ఇంకో బ్యారెల్ కొన్నాను.

ముందే ఒక మాట. ఇండియాలో ఉన్నవాళ్లు తాతగారి తుపాకీ మీద ఇవేవీ ప్రయత్నించకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో అక్కడ వేట నిషేధం. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా బ్యారెల్ పొట్టి చేయడమే నేరం. కింద రాసేదంతా అమెరికా, దక్షిణాఫ్రికా లాంటి చోట్ల చట్టబద్ధంగా రైఫిల్ ఉండి, పని గన్‌స్మిత్ చేత చేయించుకునేవాళ్ల కోసం.

మొదట తూకం వేయండి. ఖాళీ రైఫిల్‌ని, ఖాళీ అని రెండుసార్లు చూసుకున్నాక, సూట్‌కేసు తూచే కాటాకి వేలాడదీయండి. తర్వాత వేలి మీద నిలబెట్టి ఎక్కడ తూగుతోందో చూసి అక్కడ టేపు ముక్క అంటించండి. స్కోప్ పెట్టి ఒకసారి, తీసి ఒకసారి చూడండి. మ్యాగజైన్‌లో డమ్మీ (మందు లేని) తూటాలు నింపి మళ్లీ చూడండి. .416 రిగ్బీ అనే పెద్ద తూటా ఒక్కోటి సుమారు 50 గ్రాములు, అందుకని ఇది కూడా లెక్కలోకి వస్తుంది. తూగే చోటు రెండు చేతుల మధ్య, మ్యాగజైన్ ముందు అంచు దగ్గర పడితే నాలుగున్నర కిలోల రైఫిల్ కూడా చేతికి బరువనిపించదు. కావడి మోసినవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. మొత్తం బరువు అంతే ఉన్నా, ఒకవైపుకి దిగితే భుజం లాగేస్తుంది. చాలామంది రైఫిళ్లలో అసలు తప్పు బరువు కాదు, మూతి వైపు దిగిపోవడం. కొన్నిసార్లు అరకిలో దాటిన స్కోప్ తీసి తేలికైనది పెడితే చాలు, బ్యారెల్ జోలికే పోనక్కర్లేదు.

తేలిక చేసిన కొద్దీ తన్ను పెరుగుతుంది, లెక్క సూటిగా ఉంటుంది. 4.5 కిలోల రైఫిల్‌ని 3.6 కిలోలకి దించితే అదే తూటాకి వెనక్కి తన్నే శక్తి నాలుగో వంతు పెరుగుతుంది. .375 హెచ్ అండ్ హెచ్ (హాలండ్ అండ్ హాలండ్) తూటా మామూలుగానే, జింకల వేటకి వాడే .30-06 కంటే దాదాపు రెట్టింపు తంతుంది. పొడవు తగ్గిస్తే అంగుళానికి సెకనుకి 20, 30 అడుగుల వేగం పోతుంది. అది పెద్ద నష్టమేమీ కాదు. మోత, మంట మీ మొహానికి దగ్గరవడం మాత్రం బాగా తెలుస్తుంది. నా మటుకు 22, 24 అంగుళాల మధ్యే ఉంచి, బ్యారెల్ మందం కొంచెం తగ్గించుకోవడం మేలు. తన్ను తగ్గుతుందని మజిల్ బ్రేక్ (మూతికి బిగించే రంధ్రాల గొట్టం) పెట్టించుకుంటే పక్కన నిలబడే ట్రాకర్ (జంతువు జాడ తీసే మనిషి) చెవులు దెబ్బతింటాయి.

క్యాలిబర్ మార్చేవాళ్లు ఇంకొంచెం ఆగాలి. .375 హెచ్ అండ్ హెచ్ నుంచి .458 లాట్ అనే ఇంకా పెద్ద తూటాకి వెళ్లడం సులభంగా కనిపిస్తుంది, ఎందుకంటే తూటా అడుగు కొలత ఒకటే, బోల్ట్ (బ్యారెల్ వెనక భాగాన్ని మూసే కడ్డీ) ముఖం మార్చక్కర్లేదు. కానీ బయటి మందం అలాగే ఉంచి లోపలి రంధ్రం పెద్దది చేస్తే బ్యారెల్ తేలికవుతుంది. అంటే ఎక్కువ తన్నే తూటా, తక్కువ బరువున్న రైఫిల్! అందుకని .458కి ఆర్డర్ ఇచ్చేటప్పుడు మందమైన బ్యారెలే అడగండి.

పాత మౌజర్ 98 (జర్మన్ బోల్ట్ రైఫిల్) విషయంలో నాకు భయం ఎక్కువ. ఆ యాక్షన్ (బోల్ట్ ఆడే లోహపు భాగం) మామూలు పొడవు తూటాలకి చేసింది. .375 హెచ్ అండ్ హెచ్ లాంటి పొడవాటివి పట్టించాలంటే తూటా ఎక్కే వాలుని ముందుకి అరగదీయాలి. ఆ లోహం కింది లగ్ (బోల్ట్‌ని బిగించి పట్టే పన్ను) వెనక ఆసరాగా ఉండేది. పేలుడు ఒత్తిడిని ఆపేది ఆ లగ్గే. ఎంత తీస్తారు, ఎంత మిగులుతుంది అని గన్‌స్మిత్‌ని అడగండి. నీళ్లు నమిలితే రైఫిల్ వెనక్కి తెచ్చుకోండి.

బ్యారెల్ బిగించాక హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య ఉండాల్సిన కొలత) గేజ్‌లతో చూడటం తప్పనిసరి. 'గో' గేజ్ మీద బోల్ట్ మూసుకోవాలి, 'నో గో' మీద మూసుకోకూడదు. ఈ పరీక్ష మీ ఎదుటే చేయమనండి. కొత్త క్యాలిబర్ పేరు బ్యారెల్ మీద చెక్కించండి, పాత పేరు ఎక్కడా మిగలకూడదు. బ్రిటన్‌లో అయితే దాన్ని అమ్మాలంటే లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్‌లో (తుపాకుల బలం పరీక్షించే చోటు) పరీక్ష మళ్లీ జరగాలి. అమెరికాలో అలాంటి చట్టం లేదు, కాబట్టి జాగ్రత్త మీదే.

రైఫిల్ కర్రని (భుజానికి ఆనించే స్టాక్‌ని) మర్చిపోతారు చాలామంది. పెద్ద తూటా దెబ్బకి బోల్ట్ వెనక, టాంగ్ (యాక్షన్ వెనక ఉండే సన్నటి తోక) దగ్గర కర్ర చీలుతుంది. అడ్డంగా రెండు క్రాస్‌బోల్టులు, బ్యారెల్ కింద రెండో రీకాయిల్ లగ్ (తన్ను దెబ్బని కర్రకి పంచే పన్ను), గట్టి బెడ్డింగ్ (లోహం కర్రలో కదలకుండా కూర్చునే అమరిక), టాంగ్ వెనక సన్నటి ఖాళీ ఉండాలి. బెల్టు తగిలించే కొక్కెం కర్రకి కాకుండా బ్యారెల్‌కే ఉండేలా చూసుకోండి. కర్రకి ఉంటే తన్నినప్పుడు ఎడమ చేతి వేళ్లు చీరుకుపోతాయి. స్కోప్‌కీ కంటికీ మధ్య దాదాపు నాలుగు అంగుళాలు లేకపోతే కనుబొమ్మ మీద అర్ధచంద్రం పడుతుంది. ఆ మచ్చ ఉన్నవాళ్లు రేంజ్‌లో ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు.

ఇంటికి తెచ్చాక దాన్ని కొత్త రైఫిల్‌గానే చూడండి. ముందు గొట్టంలో గుడ్డ ముక్క, నూనె లేవని వెలుతురుకి పట్టి చూడండి. మ్యాగజైన్ నిండా డమ్మీలు వేసి, మెల్లగా ఒకసారి, విసురుగా ఒకసారి బోల్ట్ ఆడించండి. తర్వాత రేంజ్‌లో, వేటకి తీసుకెళ్లబోయే తూటాలే వాడండి. నాలుగు నింపి మూడు పేల్చి, మిగిలిన తూటాని కొలవండి. తన్ను దెబ్బలకి మ్యాగజైన్‌లోని గుండు కేసులోకి దిగిపోతే ఆ తూటా వాడకూడదు. మ్యాగజైన్ అడుగు మూత దానంతటదే ఊడిపోతోందేమో చూడండి. బోల్ట్ ఎత్తడం బిగుసుకున్నా, కేసు మీద మెరిసే గీత కనిపించినా అక్కడితో ఆపి గన్‌స్మిత్ దగ్గరికి వెళ్లండి, ఇంకొక్కటి చూద్దాం అనొద్దు. బల్ల మీద గురి సరిచూసుకున్నాక మిగతా సాధనంతా నిలబడి, రైఫిల్‌ని ఆనించే షూటింగ్ కర్రల ఆసరాతో చేయండి. బఫెలో ముందు బల్ల ఉండదు.

క్యాలిబర్ మారితే కాగితాలూ మారతాయి. విదేశానికి తీసుకెళ్లే రైఫిల్‌ని నమోదు చేసే అమెరికా కస్టమ్స్ 4457 ఫారంలో పాత క్యాలిబర్ ఉంటే కొత్తది చేయించుకోవాలి. దక్షిణాఫ్రికా పోలీసుల ఎస్ఏపీఎస్ 520 ఫారంలోనూ అదే ఉండాలి. విమానంలో తూటాలు సాధారణంగా ఐదు కిలోలకి మించనివ్వరు. లాట్‌కైనా రిగ్బీకైనా అది చాలు.

మంచి గన్‌స్మిత్ దగ్గర వరస నెలల తరబడి ఉంటుంది. ప్రయాణం జూన్‌లో ఉండి, ఫిబ్రవరికి రైఫిల్ చేతికి రాకపోతే నేనైతే ఈ సీజన్‌కి వేరే రైఫిల్ అరువడుగుతాను. పాత బ్యారెల్ ఇంకా విప్పకపోతే దానితోనే వెళ్తాను.