ఆరో తరగతి స్పానిష్: పిల్లలు ఆగిపోయే చోట్లు, కారణాలు, సర్దుబాట్లు

హైదరాబాద్‌లో ఐబీ, కేంబ్రిడ్జ్ సిలబస్ బడులు కొన్నిటిలో స్పానిష్ చెబుతున్నారు. అమెరికాలో పెరిగే తెలుగు పిల్లలకైతే మిడిల్ స్కూల్లో ఎదురవుతుంది. రెండు చోట్లా కనిపించే తప్పుల్లో చాలావాటికి మూలం ఒక్కటే: పిల్లలు ఇంగ్లీషు మీదుగా స్పానిష్‌లోకి వెళ్తున్నారు. చాలాచోట్ల తెలుగు నుంచి నేరుగా వెళ్తేనే దగ్గర దారి. ఇంట్లో తెలుగు వినే పిల్లలున్న క్లాసుకి స్పానిష్ చెప్పే టీచర్ల కోసం ఈ సూచనలు రాస్తున్నాం.

పట్టిక అప్పజెబుతారు, మాట్లాడమంటే నోరు పెగలదు

ఆబ్లో, ఆబ్లాస్, ఆబ్లా (మాట్లాడతాను, మాట్లాడతావు, మాట్లాడతాడు) అంటూ ఆరు రూపాలూ గడగడా చెప్పే పిల్లవాడిని "కె ఆసెస్ లోస్ సాబాదోస్?" (శనివారాలు ఏం చేస్తావు?) అని అడిగితే బిక్కమొహం వేస్తాడు. ఆరు రూపాలూ ఒకేసారి నేర్పడం ఒక కారణం. పరీక్షలో కూడా ఆ పట్టికనే అడగడం అంతకన్నా పెద్ద కారణం.

మొదటి ఆరు వారాలు రెండు రూపాలే పెట్టుకోండి. "మాట్లాడతాను, మాట్లాడతావు" జంటలాగే "ఆబ్లో, ఆబ్లాస్". నేనైతే చివర ఓ, నువ్వైతే చివర స్. "తిన్నావా?" అంటే "తిన్నాను" అంటాం, ప్రతిసారీ "నేను" చేర్చం. స్పానిష్ కూడా అంతే, క్రియ చివరే మనిషిని చెప్పేస్తుంది. ఇది చెప్పగానే పిల్లలు వాక్యానికో "యో" (నేను) తగిలించడం తగ్గుతుంది. తర్వాత మూడో రూపం, దానితోపాటే "ఉస్తెద్". అది మన "మీరు" లాంటిదే, కాకపోతే దాని క్రియ "అతను" రూపంలో ఉంటుంది. రోజూ పీరియడ్ మొదట్లో 5 నిమిషాలు, 3 ప్రశ్నలు, ఇద్దరిద్దరుగా. పుస్తకం మూసే ఉండాలి.

యాస ఇంగ్లీషుది వస్తోంది

"తాకో"ని "టాకో" అంటారు. అమెరికాలో పుట్టిన పిల్లలైతే దాదాపు "ఠ" పలుకుతారు. స్పానిష్ త, ద దాదాపు తెలుగు త, ద లాంటివే, నాలుక పళ్ళకు తగలాలి. ఈ శబ్దం ఇంట్లో రోజూ పలుకుతున్నదే కాబట్టి కొత్తగా నేర్పే పని లేదు, గుర్తు చేస్తే చాలు.

రెండు "ర"ల సంగతీ ఇంతే. "పెరో" అంటే "కానీ", "పెర్రో" అంటే కుక్క. మొదటిది "కారు"లో ర, రెండోది "కర్ర"లో ర్ర. "కర్ర, గుర్రం, బర్రె, పెర్రో" అని నాలుగూ వరసగా పలికించండి. మాట మొదట్లో ఒక్క ర రాసి ఉన్నా ఒత్తి పలకాలని (ఎరుపుకి "ర్రోహో") మరిచిపోతారు, విడిగా చెప్పండి.

అచ్చులు ఐదే: అ, ఇ, ఉ, ఎ, ఒ. "మె"ని "మీ" అని చదివితే ఇంగ్లీషు కళ్ళతో చదువుతున్నట్టు. మొదటి వారమంతా ఈ ఐదింటితోనే చదివించండి. ఎ, ఇల ముందు వచ్చే సికి, జెడ్‌కి స్పెయిన్‌లో చాలా చోట్ల వినిపించే శబ్దం వేరు, లాటిన్ అమెరికాలో "స". మీరు ఒకటి నేర్పండి, పరీక్షలో రెండూ ఒప్పుకోండి.

"మె యామో ఎస్ రవి", "యో గుస్తో లీబ్రోస్", "సోయ్ ఓన్సె ఆన్యోస్"

నా పేరు రవి, నాకు పుస్తకాలు నచ్చుతాయి, నాకు పదకొండేళ్ళు అనబోయి పిల్లలు చెప్పే తప్పు వాక్యాలివి. మూడూ ఇంగ్లీషు వాక్యాన్ని మాటకు మాట మార్చగా వచ్చినవే. "మె యామో" అంటేనే "నన్ను నేను పిలుచుకుంటాను" అని అర్థం. అందులో క్రియ ఉంది కనుక ఇంకో "ఎస్" (ఇంగ్లీషు "ఈజ్") పెట్టే చోటే లేదు.

"గుస్తా" దగ్గర తెలుగు పిల్లలు తడబడనక్కర్లేదు. బోర్డు మీద ఇలా రాయండి:

నాకు పుస్తకం నచ్చుతుంది — మె గుస్తా ఎల్ లీబ్రో
నాకు పుస్తకాలు నచ్చుతాయి — మె గుస్తాన్ లోస్ లీబ్రోస్

నచ్చేది ఒకటైతే "తుంది", ఎక్కువైతే "తాయి". క్రియ నాతో కాదు, పుస్తకంతో పోతోంది. స్పానిష్‌లో సరిగ్గా అదే జరుగుతుంది. "ఇష్టం" అనే మాటతో చెప్పకండి, అది ఒకటికీ పదికీ మారదు కాబట్టి అసలు సంగతి కనబడదు. ఆ తర్వాత "మె దుయేలె లా కాబేసా" (నాకు తల నొప్పిగా ఉంది) ఇదే మూసలో పడుతుంది.

అయితే ప్రతి "నాకు" స్పానిష్‌లో "మె" కాదు. నాకు అన్న ఉన్నాడు, నాకు పదకొండేళ్ళు, నాకు ఆకలిగా ఉంది: ఈ మూడింటికీ "తెంగో" (నా దగ్గర ఉంది) రావాలి. సోదరులు, వయసు, ఆకలి, దాహం స్పానిష్‌లో మన దగ్గర ఉండేవి. "నేను పదకొండేళ్ళని" అని తెలుగులో అంటామా? అనం. "సోయ్ ఓన్సె ఆన్యోస్" కూడా అంతే ఎబ్బెట్టు.

సోయ్, ఎస్తోయ్, ఆయ్ కలగాపులగం

ఇంగ్లీషులో సోయ్‌కీ ఎస్తోయ్‌కీ ఒకటే క్రియ ("ఐ యామ్"), అందుకే ఇంగ్లీషులో వివరిస్తే గందరగోళం. తెలుగు వాక్యాన్ని పరీక్షగా వాడండి. "మా అమ్మ డాక్టరు", "ఇది నా పుస్తకం": క్రియే లేదు. అలాంటి చోట నేనైతే సోయ్, ఇతరులైతే ఎస్. "అమ్మ ఆసుపత్రిలో ఉంది", "నేను అలసిపోయి ఉన్నాను": ఉండు క్రియ ఉంది. ఇక్కడ నేనైతే ఎస్తోయ్, ఇతరులైతే ఎస్తా.

"గా" చివర వచ్చే మాటల దగ్గర ఈ పరీక్ష చాలదు. అక్కడ "ఉంటుంది" అని మార్చి చూడమనండి. మంచు చల్లగా ఉంటుంది, ఎప్పుడూ అంతే కనుక "ఎస్". ఈ సూపు చల్లగా ఉంది, ఇప్పటి సంగతి కనుక "ఎస్తా". ఆమె పొడుగ్గా ఉంటుంది, కనుక "ఎస్ ఆల్తా".

"ఆయ్"కి ఇంకా చక్కటి ఆధారం ఉంది:

బల్ల మీద పుస్తకం ఉంది — ఆయ్ ఉన్ లీబ్రో ఎన్ లా మేసా
పుస్తకం బల్ల మీద ఉంది — ఎల్ లీబ్రో ఎస్తా ఎన్ లా మేసా

మొదటిది ఏముందో చెబుతుంది, రెండోది ఎక్కడుందో చెబుతుంది. తెలుగు మాటల వరసతోనే ఈ తేడా చూపిస్తుంది. ఒక పెన్ను, ఒక పెట్టె తెచ్చి, రెండు తెలుగు వాక్యాలూ పలికించి, ఆపైన స్పానిష్‌లోకి తీసుకెళ్ళండి. ఒక పీరియడ్ సరిపోతుంది.

ఎల్, లా తప్పులు

తెలుగులో బల్ల, కుర్చీ, చెయ్యి అన్నీ "అది". స్పానిష్‌లో ప్రతి వస్తువుకీ లింగం: పుంలింగమైతే ముందు ఎల్, స్త్రీలింగమైతే లా. నోట్సులో "మేసా" అని ఒంటరిగా రాయనివ్వకండి, "లా మేసా" అనే రాయించండి, ఎల్‌కి ఒక రంగు, లాకి ఒక రంగు. మాట ఒక మార్కుదైతే అందులో అర మార్కు దీనికే. చివరి అచ్చు చూసి ఊహిస్తే (ఓ అయితే ఎల్, ఆ అయితే లా) తప్పయ్యే లా మానో, ఎల్ దీఆ, ఎల్ మాపా, ఎల్ ప్రోబ్లేమా విడిగా గోడకు అంటించండి.

అంకెలు, గీతలు

"సెసేంతా" అరవై, "సెతేంతా" డెబ్బై. వినేటప్పుడు క్లాసులో సగం మంది ఇక్కడే జారతారు. రెండు నిలువు వరసలు గీయించి, మీరు పలికిన సంఖ్యను సరైన వరసలో వేయించండి, రోజుకి పది.

అక్షరాల మీది గీతలకు మొదటి అర్ధ సంవత్సరం మార్కులు కోయకండి, ఒక్కటి తప్ప. "ఆన్యోస్"లో ఎన్ మీది అల గీత పోతే ఏళ్ళు కాస్తా మలద్వారాలవుతాయి. ఫోన్లో ఎన్ అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే గీత ఉన్నది వస్తుంది.

పరీక్షలో మార్కులు వస్తున్నాయి, భాష రావడం లేదు

రాత పేపరు ఒక్కటే పెడితే ఇలాగే అవుతుంది. స్పెయిన్ ప్రభుత్వ భాషా సంస్థ అయిన సెర్వాంతెస్ సంస్థ నిర్వహించే దెలె ఎ1 (స్పానిష్ ప్రాథమిక స్థాయి) పరీక్షలో చదవడం-రాయడం ఒక జట్టు, వినడం-మాట్లాడడం ఇంకో జట్టు. ఒక్కో జట్టుకీ 50 మార్కులు, ప్రతిదాంట్లో విడిగా 30 రావాలి. బడి పరీక్షలోనూ ఈ పద్ధతి పెట్టుకోవచ్చు.

30 మంది క్లాసులో మౌఖికానికి సమయమెక్కడిదంటారు. మనిషికి 2 నిమిషాలు, పీరియడ్‌కి ఆరుగురు. 12 నిమిషాలు పోతాయి, ఐదు పీరియడ్లలో పూర్తి. మిగతావాళ్ళకు ఆలోగా రాత పని ఇవ్వండి. పదికి మార్కులిలా వేయండి: విషయం చేరిందా 4, క్రియ మనిషికి తగ్గట్టుందా 3, మాటల వైవిధ్యం 2, ఉచ్చారణ 1. "యో హుగార్ క్రికెట్" అన్న పిల్లకు ("ఆడతాను" అనడానికి హుయేగో అనాల్సింది) విషయానికి 4, క్రియకు 0, మాటలకు 1, ఉచ్చారణకు 1, మొత్తం 6. తప్పు వాక్యమని సున్నా వేస్తే ఆ పిల్ల మళ్ళీ నోరు విప్పదు. బట్టీ పట్టి వచ్చినవాళ్ళను పట్టుకోవడానికి చివర ఒక అనుకోని ప్రశ్న వేయండి: "కోన్ కియేన్?" (ఎవరితో?)

వినే పరీక్షలో ముందు ప్రశ్నలు చదవడానికి ఒక నిమిషం ఇవ్వండి, రికార్డింగు రెండుసార్లు వినిపించండి. దెలెలో కూడా రెండుసార్లే.

హోంవర్కు వ్యాసంలో మీరు ఇంకా చెప్పని క్రియారూపాలు కనిపిస్తే అది అనువాద యాప్ పని. మందలించడంతో ఆగదు. రాత పనిని క్లాసులోకి తెచ్చేయండి: 10 నిమిషాలు, 5 వాక్యాలు, బోర్డు మీద 12 మాటలు. ఇంటికి వినే పని, చదివే పని మాత్రమే ఇవ్వండి.