షేడింగ్ ఇంకు, పిల్లల నోట్‌బుక్కు

ఒకే గీతలో లేత పసుపు నుంచి ముదురాకుపచ్చకి తిరుగుతుందని ఓ షేడింగ్ ఇంకు కొన్నాను. రాజమండ్రి ఎబొనైట్ (గట్టిపరిచిన రబ్బరు) పెన్నులో డ్రాపర్‌తో నింపి పిల్లల లాంగ్ నోట్‌బుక్‌లో రాస్తే అంతా ఒకటే పాచిరంగు! డబ్బులు దండగ అనుకున్నా.

తీరా చూస్తే గొడవ కాగితంతో. అది ఇంకును ఇట్టే పీల్చేస్తోంది. గీత చివర ఇంకు నిలిచి మెల్లగా ఆరితేనే అక్కడ రంగు చిక్కబడుతుంది. పైగా పెన్నులో పాత నీలం మిగిలే ఉంది. చన్నీళ్లతోనే కడిగాను (వేడినీళ్లకి ఎబొనైట్ నలుపు వెలిసిపోతుంది), రాత్రంతా ఆరబెట్టి, ఇంకును అంత తొందరగా పీల్చని టోమోయే రివర్ అనే పల్చటి జపాన్ కాగితం (చదరపు మీటరుకి 52 గ్రాములు) మీద రాశా.

'ళ' మొదట్లో నిమ్మపండు రంగు, పాళీ ఆగిన చోట చింతాకు పచ్చ! కాకపోతే ఆరడానికే చాలాసేపు పడుతుంది. తొందరపడి చెయ్యి ఆనించి సగం పేజీ పులిమేశా.