రాళ్ల నేలలో పాత నాగలి దించే ముందు

దుక్కుల సీజన్ దగ్గరపడింది. ట్రాక్టర్ నాగలి పాతదై, నేలలో రాళ్లుంటే ముందు ఇవి చూసుకోండి.

హైడ్రాలిక్ మీద లేచి ఉన్న నాగలి కిందికి చెయ్యి పెట్టకండి. విరిగిన బోల్టు మార్చే తొందరలోనే ఈ పొరపాటు జరుగుతుంది. హైడ్రాలిక్ నూనెను ఆపే పాత సీళ్లు ఎప్పుడు వదిలేస్తాయో తెలియదు. నేలకు దించండి, లేదా కింద గట్టి దిమ్మెలు పెట్టి ఇంజిన్ ఆపండి.

షియర్ బోల్టు బదులు గట్టి బోల్టు బిగించకండి. రాయి తగిలితే ముందుగా విరిగిపోవడమే షియర్ బోల్టు పని. అది విరగకపోతే కాడో ఫ్రేమో వంగుతుంది. బోల్టు తల మీద బలం గ్రేడు 8.8 అని ఉన్నచోట అంతకన్నా గట్టిదైన 10.9 వేసినా అంతే, ఆ అంకె తప్ప చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. సరైనవి నాలుగైదు టూల్ బాక్సులో ఉంచండి.

పాత వెల్డింగులను వైర్ బ్రష్‌తో రుద్ది చూడండి. వెంట్రుకంత సన్నటి తుప్పు గీత కనిపిస్తే అక్కడ పగులు మొదలైనట్టే. పైన రంగు కొట్టి ఉంటే ఇంకా అనుమానించాలి.

కర్రు బోల్టులు మొదటి గంట దున్నాక మళ్లీ బిగించండి. రాళ్ల అదురుకు వదులవుతాయి.

వేగం తగ్గించండి. వేగం రెట్టింపైతే దెబ్బలోని శక్తి నాలుగింతలు.

నాగలి నేలలో ఉండగా రివర్స్ వద్దు, మలుపూ వద్దు.

పెద్ద రాళ్లు తగిలినచోట కర్ర పాతి గుర్తు పెట్టండి, తర్వాత తవ్వి తీయొచ్చు.

పని అయ్యాక మట్టిని తిరగేసే నాగలి రెక్కలకు గ్రీజు పూయండి. తుప్పు పట్టిన రెక్కకు మట్టి అంటుకుని లాగుడు పెరుగుతుంది.