వానలో జలోరీ రేసుకా? కాళ్ల సంగతి తర్వాత, ముందు చేతులు చూసుకోండి

హిమాచల్‌లో సైకిల్ రేసుకు పేరిచ్చామని మన వాళ్లు ఎవరైనా చెప్పారంటే, వెంటనే వచ్చే ప్రశ్న ఒకటే: వికారాబాద్ అనంతగిరి ఎన్నిసార్లు ఎక్కితే అక్కడి జలోరీ కనుమ ఎక్కగలం? ఎక్కుతారండీ, ఆఖరికి తోసుకుంటూ అయినా ఎక్కుతారు. నా భయం వానలో దిగడం గురించి.

2005లో మొదలైన ఎంటీబీ హిమాలయ లాంటి స్టేజ్ రేసులు, అంటే రోజుకో భాగం చొప్పున కొన్ని రోజులు సాగే మౌంటెన్ బైక్ పోటీలు, ఎక్కువగా సెప్టెంబరు, అక్టోబరుల్లో పెడతారు. వర్షాలు వెనక్కి తగ్గే కాలమే గానీ పూర్తిగా పోయే కాలం కాదు. జలోరీ కనుమ ఎత్తు 3,120 మీటర్లు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది కాబట్టి, కింద లోయలోని బంజార్ ఊళ్లో 18 డిగ్రీలుంటే పైన ఆరో ఏడో ఉంటుంది. ఎక్కేటప్పుడు ఒళ్లు వేడెక్కి చెమట పట్టేస్తుంది, చలి తెలీదు. దిగేటప్పుడు తొక్కే పని లేదు, తడి బట్టలు, నలభై కిలోమీటర్ల వేగంతో ఎదురుగాలి, పావుగంటలో వేళ్లు కట్టెల్లా అయిపోతాయి. బ్రేకు నొక్కేది వేళ్లు, జాకెట్ జిప్పు లాగేది వేళ్లు, పంక్చర్ వేసేది, చిక్కీ ప్యాకెట్ చింపేది కూడా అవే.

నాకు అదే జరిగింది. కనుమ దిగి కొంచెం దూరం పోయాక ముందు టైరు గాలి పోయింది, ట్యూబ్ ఉంది, పంపు ఉంది, కానీ వాల్వ్ మూత తిప్పడానికి వేళ్లు కదలవు. పళ్లతో తిప్పాను. పొడి గ్లౌజులు ఇంకో జత ఉన్నాయి, హోటల్ గదిలో.

కాబట్టి రెండో జత గ్లౌజులు జిప్ కవర్లో పెట్టి బ్యాగులోనే ఉంచండి, ఒక సైజు పెద్దవి కొనండి, తడి చేతికి చిన్నవి ఎక్కవు. కనుమ మీద రెండు నిమిషాలు ఆగి గ్లౌజులు మార్చుకుని, వాన జాకెట్ మెడదాకా బిగించుకుని దిగండి. పక్కవాడు దాటిపోతున్నాడని టెన్షన్ పడొద్దు, కింద మలుపులో బ్రేకు సరిగ్గా పట్టగలిగితే ఆ రెండు నిమిషాలు తిరిగొస్తాయి. చిక్కీ, ఖర్జూరాలు రేపర్లు విప్పేసి జేబులో పెట్టుకోండి. చలికి దాహం వేయదు, అయినా గుటక గుటక తాగుతూ ఉండాలి.

జాకెట్ బరువని వదిలేసేవాళ్లకు ఒక మాట. 2021 మే 22న చైనాలోని గాన్సూలో వంద కిలోమీటర్ల పరుగు పందెంలో ఉన్నట్టుండి వడగళ్లు, చలివాన, ఈదురుగాలి వచ్చి 21 మంది చనిపోయారు. వాళ్లలో దేశంలో పేరున్న రన్నర్లు కూడా ఉన్నారు.

ఒళ్లు చల్లబడిపోతున్నప్పుడు వణుకు మొదలైతే అది ఇంకా మంచి దశే. మాట ముద్దగా రావడం, తూలడం, ఏం అడిగినా తిక్కగా జవాబివ్వడం, అన్నిటికన్నా ముఖ్యంగా వణుకుతున్న మనిషి వేడెక్కకుండానే వణకడం మానేయడం చూస్తే రేసు అక్కడితో ఆపేయాలి. మార్షల్‌ని (దారిలో రేసు చూసుకునే మనిషిని) పిలవండి, తడి బట్టలు తీసేయండి, పొడివి కప్పండి, తడి నేల మీద కూర్చోబెట్టొద్దు. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యటి వేడి టీ ఇవ్వండి. చేతులు కాళ్లు రుద్దడం, బ్రాందీ పోయడం మాత్రం వద్దు. మీకు మీరే బాగానే ఉన్నానని చెప్పుకుంటే నమ్మకండి, ఆ స్థితిలో మన లెక్క మనకు తెలీదు. అందుకే తోటి రైడర్ ఆగమంటే ఆగిపోతానని బయల్దేరే ముందే మాటిచ్చుకోండి.

ఇక బైకు. రేగడి చేలో వానాకాలం తొక్కినవాళ్లకు బురద ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. గేరు మార్చేటప్పుడు చైన్‌ని జరిపే డిరైలర్ నిండా బురద ఉండగా బలంగా తొక్కుతూ గేరు మారిస్తే, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క, హ్యాంగర్, వంగిపోతుంది, ఒక్కోసారి విరుగుతుంది. మీ ఫ్రేముకు సరిపోయే హ్యాంగర్ దారిలో ఏ షాపులోనూ దొరకదు, ఇంటి నుంచే తీసుకెళ్లండి. రెజిన్ బ్రేక్ ప్యాడ్లు తడి ఇసుకకు ఒక్క రోజులో అరిగిపోవచ్చు, మెటల్ ప్యాడ్లు కీచుమంటాయి గానీ నిలబడతాయి. అదనపు జత ఎలాగూ ఉండాలి. చైన్‌కు వెట్ లూబ్ (వానకు కొట్టుకుపోని చిక్కటి నూనె), టైర్లలో గాలి మామూలుకన్నా రెండు మూడు పీఎస్‌ఐ తక్కువ. తడిసిన చెక్క వంతెన మీద, చెట్ల వేర్ల మీద హ్యాండిల్ తిప్పొద్దు, బ్రేకు పట్టొద్దు, నిటారుగా దాటేయండి.

ఎవరూ పట్టించుకోనిది ఇంకొకటి ఉంది, బురద నోట్లోకి పోవడం. 2008లో వేల్స్‌లోని బిల్త్ వెల్స్ దగ్గర పెద్ద వాన తర్వాత జరిగిన మౌంటెన్ బైక్ రేసులో చాలామందికి విరేచనాలు, జ్వరం పట్టుకున్నాయి. ఆరా తీస్తే క్యాంపైలోబాక్టర్ అనే బాక్టీరియా బయటపడింది. గొర్రెలు మేసే పొలాల్లో పేడ కలిసిన బురద చిమ్మి నోట్లోకి పోవడమే ముఖ్య కారణమని తేల్చారు. మనం వెళ్లే సమయానికి హిమాచల్‌లో గొర్రెలు, మేకలు మేపే గద్దీ కాపరులు పై మేత భూముల నుంచి మందలతో కిందికి దిగుతుంటారు, కాబట్టి మన దారి కూడా అలాంటిదే. ముందు చక్రానికి మడ్‌గార్డు, మూత ఉన్న బాటిల్ లేదా బ్యాగులోంచి పైపుతో తాగే నీళ్లు, తినేముందు చేతులు తుడుచుకోవడం. బాటిల్ మూతిని పళ్లతో లాగే అలవాటు ఉంటే మానుకోండి. వాల్వ్ మూత పళ్లతో తిప్పిన నేనే చెబుతున్నా.

ఫినిష్ గీత దాటాక ముందు పొడి బట్టలు, వేడి టీ. మెడల్ వేసుకుని తడి జెర్సీలో అరగంట ఫొటోలు దిగి రాత్రంతా వణికినవాళ్లను చూశాను.