పై స్థాయి అధికారికి కోచింగ్ గురించి ఎలా చెప్పాలి?

సంస్థను నడిపించే వ్యక్తికి కోచ్‌ను, అంటే నాయకత్వంలో ఎదురయ్యే సమస్యలపై విడిగా మాట్లాడి ఆలోచనకు తోడ్పడే నిపుణుణ్ణి, సూచించేటప్పుడు, ఆ మాట ఆయన లోపాన్ని ఎత్తిచూపినట్టు వినిపించకూడదు. 2001లో గూగుల్ సీఈఓ ఎరిక్ ష్మిట్‌కు బోర్డు సభ్యుడు జాన్ డోయర్ ఈ సలహా ఇచ్చినప్పుడు, ఇంత అనుభవమున్న తనకు కోచ్ ఎందుకని ఆయన మొదట నొచ్చుకున్నారు. తనకందిన అత్యుత్తమ సలహా అదేనని తర్వాత ఆయనే చెప్పారు.

కాబట్టి నలుగురిలో కాకుండా విడిగా, వీలైతే ఆయన తనతో సమానులుగా భావించేవారి చేత, కొత్త బాధ్యత చేపట్టిన సమయంలో చెప్పించండి. "సార్, ఈ విలీనం పూర్తయ్యేదాకా మీతో నిర్మొహమాటంగా చర్చించే బయటి మనిషి ఒకరుంటే బాగుంటుందేమో" అన్నంత స్పష్టంగా ఆ మాట ఉండాలి. కోచ్‌ను ఆయననే ఎంచుకోనివ్వండి. అక్కడ మాట్లాడుకున్నది హెచ్‌ఆర్‌కు గానీ బోర్డుకు గానీ చేరదని రాతపూర్వకంగా హామీ ఇప్పించడం, నా దృష్టిలో, అన్నిటికన్నా ముఖ్యం.