ఆశలు వంద ఉన్నా దేవుణ్ణి ముందు పెట్టుకోవడం ఎలా?

అందరికీ వందనాలు. మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపూర్, వంశధార ఒడ్డున. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, కొండల మీంచి వచ్చినవాళ్ళు ఉంటే మందిరంలో సవర పాట కూడా వినపడుద్ది. కోరాపుట్ జైపూర్ వైపు జర్మనీ నుంచి బ్రెక్లం మిషన్ వాళ్ళు 1882లోనే వచ్చారు, పర్లాకిమిడి వైపు కెనడియన్ బాప్టిస్టులు పనిచేశారు, పక్క గజపతి జిల్లాలో 2011 లెక్కల్లోనే మూడోవంతు దాటి క్రైస్తవులు. అంటే తాతల నాటి విశ్వాసం మాది. అందుకే ఇక్కడ దేవుణ్ణి ఎవ్వరూ వద్దనరు, "తర్వాత" అంటారు. నేనూ అలాగే అన్నాను, అందుకే నాకు పనికొచ్చినవి రాస్తున్నాను.

ముందుగా, మీ ఆశకి పేరు పెట్టండి

మార్కు 4:19లో దేవుని వాక్యమనే విత్తనాన్ని అణిచేసే వాటి లిస్టు ఉంది. ఐహిక విచారాలు, ధనమోసం, ఇతరమైన అపేక్షలు. పాపం అనగానే మనం తాగుడు, జూదం అనుకుంటాం గానీ యేసు ప్రభువు ఇక్కడ వాటి పేరు ఎత్తలేదు చూడండి. వరిలో ఊద గడ్డి లాంటిది ఇది. అదీ పచ్చగానే ఉంటాది, వరి తినే ఎరువే తింటాది, వెన్ను వేసేదాకా చాలామందికి తేడా తెలీదు. పాపకి విశాఖలో సీటు, సొంత ఇల్లు, ఆడపిల్ల పెళ్ళికి బంగారం, ఇవి తప్పు కాదు, ఇవన్నీ మీకు కావాలని మీ తండ్రికి తెలుసని మత్తయి 6లో ప్రభువే చెప్పాడు, ఆ తర్వాతే 33వ వచనంలో "మొదట" దేవుని రాజ్యాన్ని వెతకమన్నాడు.

ఒక కాగితం తీసుకుని, రాత్రి మెలకువ వస్తే మొదట ఏది గుర్తొస్తుందో అది రాయండి. కింద రెండు ప్రశ్నలు. ఇది దొరక్కపోతే నేను దేవుడి మీద అలుగుతానా? దీనికోసం ఈ నెలలో ఏ అబద్ధం ఆడాను? జవాబు ఎవరికీ చూపించక్కర్లేదు, కానీ నిజం రాయండి.

ఫోన్ కంటే ముందు బైబిల్

ప్రభువే ఇంకా చీకటి ఉండగానే లేచి ప్రార్థనకి వెళ్ళాడు (మార్కు 1:35). మేం ఏం చేశామంటే ఫోన్లు రాత్రి వంటగదిలో చార్జింగ్ పెట్టేస్తాం, మంచం పక్కన బైబిల్ ఒక్కటే. పదిహేను నిమిషాలు చాలు, ఒక కీర్తన, తర్వాత నోరు తెరిచి ప్రార్థన. మన బోర్డర్ వాళ్ళకి ఇంకో మాట చెప్పాలి, పిల్లలు ఒడియా మీడియమో ఇంగ్లీషు మీడియమో చదువుతారు, తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు రావు. వాళ్ళ చేతిలో తెలుగు బైబిల్ పెట్టి చదవలేదని కోప్పడకండి, ఒడియా బైబిల్ కొనివ్వండి. మా ఇంట్లో నేను తెలుగులో ఒక వచనం, పాప అదే వచనం ఒడియాలో, అలా మార్చి మార్చి చదువుతాం, ఆ పదిహేను నిమిషాలూ అందరం మేలుకునే ఉంటాం.

డబ్బులో మొదటిది తీయండి, మిగిలింది కాదు

మా అమ్మ ఎసట్లో బియ్యం వేసే ముందు ఒక గుప్పెడు తీసి పాత పాలడబ్బాలో పోసేది, అది దేవుడి బియ్యం. ఇంట్లో నలుగురికి సరిపడా లేని రోజుల్లో కూడా చూశాను, కొలిచిన బియ్యంలోంచే తీసేది, వండాక మిగిలితే చూద్దాం అనేది కాదు. నేను కిరాణా షాపు పెట్టాక అదే పద్ధతిలో గల్లాపెట్టెలో ఒక కవరు పెట్టాను, పొద్దున్న మొదటి బేరం డబ్బు అందులోకి. దశమ భాగం లెక్క నెలాఖరుకి ఎలాగూ వేసుకుంటాను, కానీ రోజూ చెయ్యి ముందు ఆ కవర్లోకి వెళ్ళడం వేరే.

ఆదివారం

ఇక్కడే నేను పడ్డాను. బండి లోన్ తీసుకున్నాక ఆదివారం తొమ్మిది వరకే తెరుద్దాం అనుకున్నాను, తర్వాత పది, తర్వాత ఆరాధన చివర్లో ఆశీర్వాదం టైముకి వెళ్ళి వెనక నిలబడ్డం, తర్వాత అదీ లేదు. దాదాపు ఏడాది. ఒకరోజు సండే స్కూల్లో పాపని మీ ఇంటి నుంచి మందిరానికి ఎవరొస్తారమ్మా అని అడిగితే "అమ్మా నేనూ" అందంట. ఇంటికొచ్చి మామూలుగానే చెప్పింది, నాకు అన్నం దిగలేదు.

ఆ శనివారమే అట్టముక్క మీద తెలుగులో ఒడియాలో రాసి కట్టాను, ఆదివారం షాపు ఒంటిగంట తర్వాతే అని. రెండు నెలలు బేరం తగ్గింది, నిజమే. తర్వాత జనం శనివారం సాయంత్రమే సరుకులు పట్టుకెళ్ళడం మొదలెట్టారు, ఇప్పటికీ కొంచెం తక్కువే, పర్లేదు. మీరు ఉద్యోగస్తులై ఆదివారం షిఫ్టు తప్పకపోతే సాయంత్రం కూడికో వారం మధ్య ప్రార్థనో ముందే డేట్ ఫిక్స్ చేసుకోండి, కుదిరినప్పుడు చూద్దాం అనొద్దు.

ఒక్కరికైనా చెప్పండి

మీ ఆశ పేరు తెలిసిన మనిషి సంఘంలో ఒకరుండాలి. నాకు మా వదినగారి అన్నయ్య ఉన్నాడు, ఫోన్ చేసి "ఏటి బావా, కవరు నిండుతుందా" అని అడుగుతాడు. అలాగే అన్నదమ్ములతో గొడవ ఉంటే ముందు అది తీర్చుకోండి, కానుక బలిపీఠం దగ్గర వదిలి వెళ్ళి సమాధానపడమన్నాడు కదా (మత్తయి 5:24).

తప్పిపోతే

తప్పిపోతారు. అప్పుడు చాలామంది డిసెంబర్ 31 రాత్రి మందిరంలో బైబిల్ వచనం ఉన్న వాగ్దాన కార్డు తీసుకుని కొత్తగా మొదలెడదాం అనుకుంటారు, దయచేసి అంతవరకూ ఆగకండి. ఆ రాత్రే ఫోన్ వంటగదిలో పెట్టేసి, మోకాళ్ళ మీద రెండు నిమిషాలైనా సరే, "ప్రభువా ఈరోజు నిన్ను వెనక పెట్టాను" అని చెప్పి పడుకోండి, అలారం అరగంట ముందుకి పెట్టుకుని.